లావుపాటి అక్షరం, మెత్తటి అంచులు

చిరంజీవులకు,

తాతయ్య ఆశీస్సులు. మీ బడి పత్రికకి అట్ట మీరే తయారు చేస్తున్నారని, పాతకాలపు తరహాలో లావుగా ఉండే ఇంగ్లీషు ఫాంట్ కోసం వెతుకుతున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. అచ్చు పనిలో బతికినవాణ్ణి కదా, ఆ మాట వినగానే నాకు కూపర్ బ్లాక్ గుర్తొచ్చింది. మీ కంప్యూటర్లో ఎంఎస్ ఆఫీస్ ఉంటే ఆ ఫాంట్ కూడా ఉండే ఉంటుంది. తెరిచి పెట్టుకుని ఈ ఉత్తరం చదవండి.

ఇంగ్లీషు పుస్తకాల్లో పెద్ద ‘ఐ’ అక్షరానికి పైనా కిందా అడ్డంగా చిన్న గీతలు ఉంటాయి చూడండి. వాటినే సెరిఫ్‌లంటారు. మామూలుగా అవి సన్నగా, మొనదేలి ఉంటాయి. కూపర్ బ్లాక్‌లో మాత్రం మూలలన్నీ గుండ్రం. నూనెలో పొంగిన బూరెల్లా ఉంటాయి ఆ అక్షరాలు. ‘ఓ’ లోపల ఉండాల్సిన తెల్లటి ఖాళీ ఒక సన్నటి కోడిగుడ్డు ఆకారానికి తగ్గిపోయింది, అది కూడా నిటారుగా కాకుండా కాస్త వెనక్కి వాలి ఉంటుంది. చిన్న ‘ఐ’ మీద చుక్క కూడా గుండ్రం కాదు, కోలగా ఉంటుంది. అక్షరాల అడుగున స్కేలు పెట్టి చూడండి. కాళ్లు చదునుగా ఆనవు, అడుగు కొద్దిగా ఉబ్బి ఉంటుంది. ఎంత లావైనా ఈ అక్షరం మనమీద అరుస్తున్నట్టు అనిపించకపోవడానికి కారణం ఈ మెత్తదనమే. అంతే లావున్న అక్షరానికి మూలలు పదునుగా పెట్టి చూడండి, వెంటనే హెచ్చరిక బోర్డు అయిపోతుంది.

దీన్ని గీసినాయన ఆస్వాల్డ్ కూపర్. ఊరు అమెరికాలోని షికాగో. ఆయన పని ప్రకటనలకి చేత్తో అక్షరాలు రాయడం. ప్యాకార్డ్ అనే కార్ల కంపెనీ ప్రకటనలకి ఆయన రాసిన అక్షరాలు ఎంత బాగున్నాయంటే, వాటిని చూసి ఒక టైపు ఫౌండ్రీ 1913లో ఏకంగా ప్యాకార్డ్ పేరుతోనే అచ్చు అక్షరాలు పోతపోసింది. తర్వాత షికాగోలోనే ఉన్న బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ కంపెనీ ఆయన చేత అక్షరాలు గీయించుకుంది. కూపర్ బ్లాక్ 1922లో వచ్చింది. పత్రికల్లో ప్రకటనలు కిక్కిరిసిన రోజులవి. పేజీ తిప్పేవాడి కన్ను ఆగాలంటే అక్షరానికి బరువు కావాలి. దూరదృష్టి ఉన్న ప్రింటర్లకీ, దూరం ఆనని వాళ్ల కస్టమర్లకీ ఈ టైపు అని కూపర్ సరదాగా అనేవాడు.

బాగా అమ్ముడుపోయేసరికి మిగతా కంపెనీలకి కంగారు పుట్టింది. మోనోటైప్ కంపెనీ దీనికి పోటీగా ఒకటి కావాలని ఫ్రెడరిక్ గౌడీని అడిగితే, ఆయన 1925లో గౌడీ హెవీఫేస్ చేసి ఇచ్చాడు. ఈ గౌడీ ఎవరనుకున్నారు? షికాగోలో కూపర్‌కి అక్షరాలు నేర్పిన గురువు! శిష్యుడి పని ఎంత గట్టిదో చెప్పడానికి నాకు ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

దీనికి రెండో యవ్వనం 1960లలో వచ్చింది. అంతకుముందు అచ్చుకి వాడిన సీసపు అక్షరం ఒక్కొక్కటీ తన దిమ్మె మీద కూర్చుంటుంది కాబట్టి రెండు అక్షరాల మధ్య కొంత ఎడం తప్పేది కాదు. ఫొటో పద్ధతిలో కంపోజింగ్, అంటే అక్షరాలు పేర్చే పని, వచ్చాక, షీటు మీద రుద్ది అంటించే అక్షరాలు వచ్చాక ఆ అడ్డు పోయింది. కూపర్ బ్లాక్ అక్షరాలు ఒకదాని పొట్టలోకి ఒకటి చక్కగా ఒదిగిపోతాయి. 1966లో బీచ్ బాయ్స్ అనే పాటల బృందం తెచ్చిన ఒక రికార్డు అట్ట మీద అలాగే ఉంటాయి, ఇంటర్నెట్‌లో వెతికి చూడండి. ఆ తర్వాత టీషర్టుల మీదికెక్కింది. 1995లో మొదలైన ఈజీజెట్ విమానాల మీద నారింజ రంగులో మీరు చూసే పేరు కూడా ఇదే.

ఇక మీ అట్ట సంగతి. పత్రిక పేరుకి వాడండి, అంతవరకే. రెండు మూడు మాటలు చాలు. లోపలి వ్యాసాలకి పొరపాటున కూడా వద్దు. చిన్న సైజులో ఆ తెల్లటి ఖాళీలు పూడుకుపోయి పేజీ అంతా నల్లటి ముద్దలా కనిపిస్తుంది. 72 పాయింట్లంటే దాదాపు అంగుళం, పేరుకి అక్కణ్ణించి పైకి వెళ్లండి. దాని కింద వచ్చే చిన్న అక్షరాలకి సన్నటి, సాదా ఫాంట్ పెట్టండి. రెండూ లావైనవి పెడితే ఏదీ కనబడదు.

తెలుగు పేరు కూడా వేస్తారు కదా, వెయ్యాలి కూడా. కూపర్ బ్లాక్‌లో తెలుగు లేదు. రామభద్ర ఫాంట్ పెట్టి చూడండి, మంచి లావుగా ఉంటుంది, ఉచితంగా దొరుకుతుంది. మన అక్షరాలు పుట్టుకతోనే గుండ్రం కాబట్టి జోడీ బాగానే కుదురుతుంది. కానీ లావు అక్షరంలో ‘ఘ’, ‘ఝ’ లాంటి వాటి లోపలి సందులు త్వరగా మూసుకుపోతాయి, ఒత్తులు కింది వరుసకి తగులుతాయి. వరుసల మధ్య ఇంగ్లీషుకి వదిలినదానికంటే ఎక్కువ చోటు వదలండి. స్క్రీన్ మీద చూసి సరే అనుకోకండి. అసలు సైజులో ప్రింటు తీసి, గోడకి అంటించి, గది అవతలి మూల నుంచి చదవండి. రెండు మూడు రకాలుగా వేసి నాకు ఫొటోలు పంపండి, ఆదివారం ఫోన్లో మాట్లాడుకుందాం.

మీ
తాతయ్య