పక్కనే కొట్టుకునే ధమని

చిరంజీవులు అమ్ములుకు, చిన్నాకు తాతయ్య ఆశీస్సులు.

సంక్రాంతికి వచ్చినప్పుడు నా కళ్లు చూసి "పసుపు రాసుకున్నావా తాతయ్యా?" అని అడిగాడు చిన్నా. ఆపరేషన్ అయింది, కళ్లు తెల్లబడ్డాయి. తీరిక దొరికింది కనుక జవాబు రాస్తున్నాను.

కాలేయం రోజుకు అర లీటరు నుంచి లీటరు దాకా పిత్తరసం తయారు చేస్తుంది. మీ పాఠంలో దాన్నే పైత్యరసం అంటారు. నెయ్యి వేసుకున్న పప్పన్నం అరగాలంటే అది పేగులోకి చేరాలి. దానికున్న దారి పెన్సిలంత లావు కూడా లేని మెత్తటి గొట్టం, పిత్తనాళం. పాత ఎర్ర రక్తకణాలు విరిగితే పుట్టే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం కూడా అందులోంచే బయటపడుతుంది. దారి మూసుకుపోతే అది రక్తంలోకి మళ్లుతుంది. కళ్లు పచ్చబడతాయి, మూత్రం ముదురు రంగుకు తిరుగుతుంది, మలం సుద్దలా పాలిపోతుంది. ఇక దురద సంగతి చెప్పలేను, రాత్రంతా గోక్కోవడమే. పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు గాని, నాకు గోడ సున్నం తెల్లగానే కనిపించింది.

పసరు పోయించమని వీధిలో సగంమంది చెప్పారు. వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు మాత్రం పసరుకు దక్కుతుంది. గొట్టం మూసుకుపోతే ఏ పసరూ దాన్ని తెరవలేదు.

గొట్టంలో రాయి ఉంటుందనుకున్నాం. మామూలుగా అదే అడ్డం పడుతుంది. స్కాన్‌లో రాయి లేదు, దారం బిగించి కట్టినట్టు గొట్టానికి అడ్డంగా ఒక నొక్కు కనిపించింది. ఆ నొక్కు పెట్టింది కాలేయం కుడి భాగానికి రక్తం తీసుకెళ్లే ధమని. ఎక్కువమందిలో ఇది పిత్తనాళం వెనకనుంచి పోతుంది, కొందరిలో ముందునుంచి. నాది ముందునుంచి.

ముప్పై ఏళ్లు శరీర నిర్మాణ శాస్త్రం చెప్పినవాణ్ణి, నవ్వొచ్చింది. ధమని ముందున్న శరీరం కోతబల్ల మీదికి వచ్చినప్పుడల్లా "సార్, పుస్తకం తప్పా?" అంటూ పిల్లలు పరుగెత్తుకొచ్చేవారు. ఫ్రాన్సులో కాలో అనే వైద్యుడు 1891లోనే ఈ చోటును త్రికోణంగా గీసి చూపించాడు. ఇప్పటికీ శస్త్రవైద్యులు పిత్తాశయం, అంటే పిత్తరసం నిలవుండే సంచి, తీసేటప్పుడు ఆ త్రికోణం దగ్గర ఆగి, ఏది ఏమిటో తేల్చుకున్నాకే కత్తెర వేస్తారు. ఈ ధమని ఒక్కోసారి గొంగళిపురుగులా వంపు తిరిగి, పిత్తాశయానికి పోయే చిన్న ధమనిలా భ్రమపెడుతుంది.

ధమని ముందున్నవాళ్లందరికీ కామెర్లు రావు. మెత్తటి గొట్టం కాస్త పక్కకు జరిగి సర్దుకుంటుంది. ఎప్పుడో వాపు వచ్చి, మచ్చకట్టి, రెండూ అతుక్కుపోతే జరగడానికి చోటుండదు. ధమనిలో ఒత్తిడి పిత్తనాళంలో కంటే ఇంచుమించు పది రెట్లు ఎక్కువ. పైగా అది రోజుకు లక్షసార్లు కొట్టుకుంటుంది. గొట్టం ఎంతకాలం ఓర్చుకుంటుంది?

"ఆ ధమనినే కోసేయవచ్చుగా?" అని ఫోనులో అడిగింది అమ్ములు. మంచి ప్రశ్న. డాక్టరు గారు దాన్ని అతుకుల నుంచి జాగ్రత్తగా విడదీసి అలాగే ఉంచారు. ఇరుకైన గొట్టాన్ని మాత్రం కోసి, మంచిగా ఉన్న పైభాగాన్ని నేరుగా చిన్నపేగుకు కుట్టారు. ధమనిని ఎందుకు ఉంచారంటే అమ్ములూ, గొట్టంలో మిగిలిన ఆ పైభాగానికి రక్తం అందేది కూడా చాలావరకు దాని నుంచే.

మీ తాతయ్య