నిషేధం థర్మకోల్ ప్లేటుకి, మరి పార్శిల్ డబ్బా మాటేమిటి?

విశాఖలో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ మీద నగరపాలక సంస్థ (జీవీఎంసీ) నిషేధం 2022 జూన్ 5న మొదలైంది. కేంద్రం దేశమంతటికీ పెట్టిన గడువు జూలై 1. అంటే మనవాళ్లు దాదాపు నెల ముందే దిగారు. అప్పట్నుంచి టిఫిన్ బండి వాళ్లకీ, కర్రీ పాయింట్ల వాళ్లకీ తనిఖీ, జరిమానా అనే టెన్షన్ పట్టుకుంది.

థర్మకోల్ ప్లేటు రాకముందు ఇక్కడి పెళ్లి భోజనాలు చాలావరకు అడ్డాకు విస్తళ్లలోనే. పాడేరు, అరకు వైపు గిరిజనులు ఆకు కోసి, ఈనెపుల్లలతో కుట్టి, సంతకి తెచ్చేవారు. బంతి భోజనం పోయి బఫే వచ్చాక విస్తరితో చిక్కొచ్చింది. నిలబడి ఒక చేత్తో పట్టుకుంటే అది వంగిపోతుంది, సాంబారు చొక్కా మీదకి వస్తుంది. తేలిగ్గా, గట్టిగా ఉండి, చేతికి వేడి తగలనివ్వని తెల్ల ప్లేటు చవగ్గా దొరికితే ఎవరు కాదంటారు?

ఆ ప్లేటులో పాలీస్టైరీన్ అనే ప్లాస్టిక్ కొంచెం, మిగతాదంతా గాలి. పాత సామాన్ల వాళ్లు తీసుకోనిది అందుకే: బస్తా నిండినా కాటా మీద బరువు తూగదు, పైగా కూర అంటుకుని ఉంటుంది.

ఈ సరుకుతో విశాఖ చుట్టరికం పాతదే. గోపాలపట్నం దగ్గర వెంకటాపురంలో 1961లో హిందుస్థాన్ పాలిమర్స్ పెట్టింది పాలీస్టైరీన్ తయారీకే. 1997లో అది ఎల్జీ చేతికి వెళ్లింది. 2020 మే 7 తెల్లవారుజామున అక్కడి ట్యాంకు నుంచి వెలువడినది స్టైరీన్ ఆవిరి, అంటే పాలీస్టైరీన్‌కి ముడిసరుకు. 12 మంది చనిపోయారు. ప్లేటు విషవాయువు కాదు, ఆ రెంటినీ కలిపి భయపెట్టడం తప్పు. కానీ వేడి వేడి నూనె కూర పడితే ప్లేటులో మిగిలిన స్టైరీన్ కొంత తిండిలోకి దిగుతుంది. 2018లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ స్టైరీన్‌ని ‘బహుశా క్యాన్సర్ కారకం’ అనే వర్గంలోకి మార్చింది.

విచిత్రమేమిటంటే, బయటి దేశాల్లో ఈ నిషేధాలు మొదలైనప్పుడు పెద్ద భయం క్యాన్సర్ కాదు. 1988లో అమెరికాలోని బర్క్‌లీ నగరం ఫోమ్ (మన థర్మకోల్ లాంటిదే) డబ్బాల్ని నిషేధించిన రోజుల్లో గొడవ చాలావరకు ఓజోన్ పొర గురించి. ఫోమ్ ఉబ్బడానికి వాడిన సీఎఫ్‌సీ వాయువులు ఆ పొరని దెబ్బతీయడమే దానికి కారణం. ఆ వాయువులు మారాయి, చెత్త బెడద మిగిలింది. న్యూయార్క్ నగరం 2013లో చట్టం చేస్తే తయారీదార్లు రీసైకిల్ చేయొచ్చంటూ కోర్టుకెక్కారు. 2015లో కోర్టు నిషేధాన్ని కొట్టేసింది. చివరికి అది అమల్లోకొచ్చింది 2019లో.

మన దగ్గర కేంద్రం తెచ్చిన 2016 ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు క్యారీ బ్యాగుకి 50 మైక్రాన్ల మందం ఉండాలన్నాయి. హోటల్ డబ్బాల్ని గట్టిగా పట్టుకున్నది మహారాష్ట్ర. 2018 నోటిఫికేషన్‌లో థర్మకోల్ కప్పులు, పళ్లాలతో పాటు తిండి కట్టిచ్చే డబ్బాల్ని కూడా పేరుపెట్టి రాసింది. కేంద్రం 2021 ఆగస్టులో ఇచ్చిన జాబితాలో ప్లేట్లు, కప్పులు, గ్లాసులు, స్పూన్లు, ట్రేలు ఉన్నాయి. థర్మకోల్ అన్న మాట మాత్రం అలంకరణ దగ్గరే కనిపిస్తుంది. మూతున్న పార్శిల్ డబ్బా పేరు అందులో లేదు. నా దృష్టిలో అసలు మెలిక ఇదే. ప్లేటు పెట్టిన బండివాడు దొరికిపోతాడు, డబ్బాలో బిర్యానీ కట్టినవాడు ‘ఇది ప్లేటు కాదు కదండీ’ అని వాదించగలడు.

చాలా హోటళ్లు ఆ వాదన దాకా వెళ్లకుండానే మూతల ప్లాస్టిక్ డబ్బాలకి మారిపోయాయి. ఫోమ్ కాదు గానీ, అదీ ప్లాస్టిక్కే. బండ్ల మీద వెండిరంగు పూత ఉన్న కాగితం ప్లేట్లు వచ్చాయి, వాటిలో చాలావాటికి పైపొర ప్లాస్టిక్కే. చెరకు పిప్పి ప్లేటు మంచిదే, కానీ థర్మకోల్ కన్నా ఖరీదు. ఇక ఫిషింగ్ హార్బర్‌లో ఐసు వేసి చేపలు సర్దే థర్మకోల్ పెట్టెల జోలికి 2021 జాబితా వెళ్లనే లేదు. అవి విరిగితే ముక్కలు పడేది సముద్రం ఒడ్డునే.