ఎఫిక్ వంటలను కాపాడటం: అపోహలు, వాస్తవాలు

నైజీరియా ఆగ్నేయ మూలన ఉన్న కాలబార్ నగరం ఎఫిక్ ప్రజల సొంతగడ్డ. అక్కడి వంటలను పొయ్యి దగ్గర కూర్చుని రాసిపెట్టడం నా పని. ఈ పని గురించి వినవచ్చే మాటల్లో కొన్నింటిని సరిదిద్దవలసి ఉంది.

అపోహ: కొలతలతో రాసిపెడితే వంటకం భద్రమైనట్లే.

వాస్తవం: అక్కడ అందరికీ తెలిసిన ఎడికాంగ్ ఇకోంగ్ అనే ఆకుకూరనే తీసుకోండి. 'ఇకోంగ్' అంటే ఆకు. ఇందులో రెండు ఆకులు పడతాయి: ఒకటి గుమ్మడి కుటుంబానికి చెందిన ఉగు తీగది, రెండోది మన మిద్దెతోటల వారు సిలోన్ బచ్చలి అని పిలిచే మొక్కది. ఈ రెండోదాన్ని ఎఫిక్‌లో 'మ్మోంగ్ మ్మోంగ్ ఇకోంగ్' అంటారు, అంటే నీళ్ళ ఆకు. వంట కిటుకంతా ఆ పేరులోనే ఉంది. మాంసం, ఎండుచేప ఉడికిన నీరు దాదాపు ఇంకాక ఎర్రని పామాయిల్ పోసి, ముందు నీళ్ళ ఆకును, అది మగ్గాక ఉగును వేస్తారే తప్ప విడిగా నీళ్ళు పోయరు. ఆకులోని ఊట కాలాన్ని బట్టి మారుతుంది కాబట్టి, ఎండాకాలంలో సరిగ్గా కుదిరిన నా కొలతే వానాకాలంలో కూరను పులుసు చేసేసింది. అందుకే ఇప్పుడు తూకంతో పాటు ఆకు ఎప్పుడు కోసినదో, కడిగాక ఎంతసేపు ఓడ్చారో, మంట ఎప్పుడు తగ్గించారో కూడా రాసుకుంటున్నాను.

అపోహ: ఎఫిక్ పులుసులన్నీ పామాయిల్‌తో ఎర్రగా ఉంటాయి.

వాస్తవం: అఫియా ఎఫెరె అంటేనే తెల్ల పులుసు. అందులో పామాయిల్ పడదు. మేక మాంసమో కోడిమాంసమో ఉడికిన రసాన్ని దంచిన పెండలం ముద్దతో చిక్కబరచి, ఉయాయక్ కాయతో సువాసన పట్టిస్తారు.

అపోహ: మిక్సీ ఉంటే ఎక్పాంగ్ న్కుక్వో చేయడం తేలిక.

వాస్తవం: చేమదుంపను, పెండలాన్ని తురిమి, ఆ ముద్దను లేత చేమాకుల్లో చిన్న చుట్టలుగా చుట్టి ఉడికించే వంటకమిది. మిక్సీ తిరగడానికి నీళ్ళు పోస్తే ముద్ద జారుడై చుట్ట నిలవదు. (చేతులు దురద పెడతాయన్నది మాత్రం అపోహ కాదు, చేమదుంప చెక్కిన తెలుగువారికి ఆ సంగతి చెప్పనక్కరలేదు.)

అపోహ: కొత్త పదార్థం చేరితే సంప్రదాయం చెడుతుంది.

వాస్తవం: ఈ పులుసుల్లో ఇప్పుడు తప్పనిసరి అనిపించే స్టాక్‌ఫిష్ నార్వే చలిగాలికి ఎండిన కాడ్ చేప, 1967–70 నాటి అంతర్యుద్ధంలో అది సహాయ ఆహారంగానూ వచ్చింది. మిరప మనకు వచ్చినట్లే వారికీ అమెరికా ఖండాల నుంచి వచ్చింది. నన్ను కలవరపెట్టేది చేరిక కాదు, ఎండురొయ్యల పొడిని పక్కకు నెట్టి దాని చోట కూర్చునే సూప్ క్యూబు.

అపోహ: వంటింటిని కాపాడితే చాలు.

వాస్తవం: అఫాంగ్ పులుసుకు కావలసిన ఆకు ప్రధానంగా అడవి తీగ నుంచి వస్తుంది, గిరాకీ పెరిగి, తీగను వేళ్ళతో సహా లాగేస్తే అది మళ్ళీ చిగురించదు. ఈ వంటల్లో వేసే పెరివింకిల్ నత్తలు మడ అడవుల బురదలో బతుకుతాయి. 1906లో సింగపూర్ నుంచి తెచ్చి కాలబార్‌లో నాటిన నీపా తాటి ఆ మడచెట్ల చోటును ఆక్రమిస్తూ వచ్చింది. కాబట్టి ఆకు కోసేవారిని, నత్తలు ఏరేవారిని కలిశాకే నేను వంటమనిషి దగ్గరకు వెళ్తున్నాను.