ఎంఎంఏ ఈవెంట్ షెడ్యూలు, వెయిట్ క్లాసులు: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో ఎంఎంఏ (మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్) జిమ్ములు పెరిగాయి, ఈవెంట్లు పెడదామనే ఉత్సాహమూ పెరిగింది. మెయిన్ ఈవెంట్ ఎవరిది, స్టేడియం ఏ తారీఖున దొరుకుతుంది, చీఫ్ గెస్ట్ ఎవరు అన్నవి ముందే ఖాయమైపోతాయి. ఫైటర్ల తూకం ఎన్నింటికన్నది మాత్రం ముందు రోజు వాట్సాప్ గ్రూపులో తేలుతుంది. తలనొప్పులన్నీ అక్కడే మొదలు. తూకం వేళను మొదట రాసుకుని, మిగతావన్నీ దాని చుట్టూ పేర్చుకోవాలి.

అపోహ: తక్కువ బరువులు ముందు, హెవీవెయిట్లు చివర. అదే సరైన వరస.

తూకం ముందు రోజే అయిపోయే ప్రొఫెషనల్ కార్డులో (ఆ రోజు పోటీల జాబితాలో) బరువు ప్రకారం వరస పెట్టాల్సిన పనే లేదు. పెద్ద బరువుల్లో బౌట్ (ఒక్కో పోటీ) మధ్యలోనే ముగిసే అవకాశం ఎక్కువ. 56.7, 61.2 కేజీల వాళ్లు జడ్జిల దాకా వెళ్లడం ఎక్కువ. మూడు పెద్ద బరువుల బౌట్లు వరసగా పెడితే గంటన్నర అనుకున్నది ముప్పావు గంటలో ఖాళీ అయిపోవచ్చు. అప్పటికి తర్వాతి ఫైటర్ చేతులకు టేప్ చుట్టడం కూడా పూర్తయి ఉండదు. మూడు చిన్న బరువులు వరసగా వస్తే మూడూ జడ్జిల డెసిషన్‌కు పోయి కార్డు మొత్తం వెనక్కి జరుగుతుంది. అందుకే కలిపి పేర్చాలి. గ్లవ్స్ సంగతి కూడా చూసుకోవాలి. నిర్వాహకుడి దగ్గర పెద్ద సైజు జతలు తక్కువే ఉంటాయి, పెద్ద బరువులు వెంటవెంటనే వస్తే అవి తిరిగి చేతికి వచ్చే వ్యవధి ఉండదు.

తూకం, పోటీ ఒకే రోజు ఉండే అమెచ్యూర్ టోర్నీలో లెక్క ఏకంగా తలకిందులవుతుంది. పొద్దున 7కి తూకం, 11కి మొదటి బౌట్ అనుకుందాం. చిన్న బరువులను ముందు పెడితే ఒళ్లు ఎక్కువ పిండుకుని వచ్చినవాళ్లకే నీళ్లు, తిండి పట్టే టైం తక్కువ దొరుకుతుంది. 56.7 కేజీల మనిషికి రెండు కేజీలంటే ఒంటి బరువులో మూడున్నర శాతం, 93 కేజీల మనిషికి రెండు శాతం పైచిలుకు. హెవీవెయిట్ పరిధి 93 నుంచి 120.2 దాకా ఉంటుంది కాబట్టి అందులో చాలామంది అసలు వెయిట్ కటింగే (తూకం కోసం ఒంట్లో నీరు తగ్గించి బరువు దింపడం) చేయరు. వాళ్లను ముందు ఆడించండి. చిన్న బరువుల మొదటి బౌట్లు మధ్యాహ్నానికి జరపండి, అదనంగా రెండు మూడు గంటలు దొరుకుతాయి. ఈ మార్పుకు ఖర్చేమీ ఉండదు.

అపోహ: బౌట్ 15 నిమిషాలు, పది బౌట్లు రెండున్నర గంటలు.

ఐదేసి నిమిషాల రౌండ్లు మూడు, మధ్యలో నిమిషం చొప్పున రెండు విరామాలు: 17 నిమిషాలు. ఇద్దరి ఎంట్రీకి 4, తనిఖీకీ పరిచయాలకూ 2, ఫలితం ప్రకటనకు 3, కేజ్‌లో (చుట్టూ కంచె ఉండే పోటీ వేదికలో) రక్తం, చెమట తుడవడానికి 2. మొత్తం 28. టైటిల్ బౌట్‌కు ఐదు రౌండ్లు, నాలుగు విరామాలు కలిపి 29, పైన 11, వెరసి 40. తొమ్మిది మామూలు బౌట్లు, ఒక టైటిల్ బౌట్ ఉంటే 292 నిమిషాలు, అంటే దాదాపు ఐదు గంటలు. సాయంత్రం 6కి మొదలైతే 11కి ముగింపు. గచ్చిబౌలి ఇండోర్ స్టేడియంలో పెడితే ఆఖరి మెట్రో కోసం జనం మెయిన్ ఈవెంట్‌కు ముందే రాయదుర్గం దారి పడతారు. నాకౌట్లు వస్తాయిలే, టైం కలిసొస్తుందిలే అని లెక్క వేసుకోకండి. వస్తే ఆ ఖాళీలో ఆడించడానికి ఒక అదనపు బౌట్ సిద్ధంగా ఉంచుకోండి.

చీఫ్ గెస్ట్ ట్రాఫిక్‌లో ఉన్నారని మొదటి బౌట్ గంటసేపు ఆపడం మన దగ్గర మామూలే. వార్మప్ చేసుకుని నిలబడ్డ ఫైటర్ ఒళ్లు ఈలోగా చల్లబడిపోతుంది. శాలువా ఇంటర్వెల్‌లో కప్పొచ్చు.

అపోహ: టోర్నీకి ఎన్ని రోజులు కావాలో మొత్తం ఎంట్రీలే చెబుతాయి.

సగమే నిజం. ఒక్కసారి ఓడితే ఇంటికే అనే పద్ధతిలో మొత్తం బౌట్లు ఎన్నో ఇలా తేలుతుంది: ఫైటర్ల సంఖ్యలోంచి వెయిట్ క్లాసుల (బరువు విభాగాల) సంఖ్య తీసేయండి. 120 మంది, 10 క్లాసులైతే 110 బౌట్లు. అమెచ్యూర్ బౌట్ అంటే మూడేసి నిమిషాల రౌండ్లు మూడు, విరామాలతో 11 నిమిషాలు, ఎంట్రీ పాటలు లేకుండా స్లాట్ 15. ఒక కేజ్ మీద ఏడు గంటలకు 28 బౌట్లు. ఒక కేజ్‌తో నాలుగు రోజులు, రెండు కేజ్‌లతో రెండు రోజులు.

కాగితం మీద బాగానే ఉంది. కానీ ఆ పది క్లాసుల్లో 70.3లో 16 మంది ఉంటే ఫైనల్ దాకా పోయేవాడు నాలుగు బౌట్లు ఆడాలి. రెండు రోజుల్లో ముగించాలంటే రోజుకు రెండు. పొద్దున తలకు గట్టి దెబ్బ తిన్నవాడు గెలిచినా సాయంత్రం మళ్లీ దిగాల్సి వస్తుంది. రోజుకు ఒకటే బౌట్ అనే నియమం పెట్టుకుంటే ఎంట్రీలు ఎక్కువున్న క్లాసే రోజులను నిర్ణయిస్తుంది, కేజ్‌లు ఎన్ని తెచ్చినా సరే. నలుగురే ఉన్న క్లాసును మొదటి రోజు మొదలుపెట్టకండి. ఇలాంటి టోర్నీల్లో ఏ రోజు ఆడితే ఆ రోజు పొద్దున మళ్లీ తూకం ఉంటుంది కాబట్టి, మధ్యలో ఖాళీ రోజు ఇస్తే బరువు పట్టుకుని కూర్చునే శిక్ష పెరుగుతుందే తప్ప విశ్రాంతి దొరకదు. ఆ క్లాసును ఆఖరి రెండు రోజులకు జరపండి.

అపోహ: అరకేజీ ఎక్కువైతే ఏం పోయింది, సర్దుకోవచ్చు.

ప్రొఫెషనల్ ఎంఎంఏ ఉమ్మడి నియమాలు (యూనిఫైడ్ రూల్స్) నడిచేచోట మామూలు బౌట్‌కు ఒక పౌండు, అంటే దాదాపు 450 గ్రాముల వెసులుబాటు ఉంటుంది. టైటిల్ బౌట్‌కు సున్నా. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రెండో రోజు తూకంలో 100 గ్రాములు ఎక్కువ తూగి వినేశ్ ఫొగాట్ 50 కేజీల రెజ్లింగ్ ఫైనల్ పోగొట్టుకోవడం అందరికీ తెలిసిందే. నియమం కఠినమా కాదా అన్న వాదన పక్కన పెడితే, అక్కడ ఏ గంటకు, ఏ పరిమితికి అన్నది అందరికీ ముందే తెలుసు. మన ఈవెంట్లలో అదే ఉండదు. ఒక కాంట్రాక్టులో 66, ఇంకో దాంట్లో 65.8, మూడో దాంట్లో ఉత్త ‘ఫెదర్‌వెయిట్’. పేరును నమ్ముకోవద్దు. పెద్ద ఎంఎంఏ సంస్థలే తీసుకోండి: యూఎఫ్‌సీలో లైట్‌వెయిట్ అంటే 70.3, వన్ చాంపియన్‌షిప్‌లో 77.1. కేజీల్లో, ఒక దశాంశంతో, వెసులుబాటు ఎంతో కలిపి రాయండి.

కాంటా తివాచీ మీద పెట్టకండి, రీడింగ్ తేడా వస్తుంది. హోటల్ హాల్లో చాలామంది చేసే పొరపాటు ఇదే. గట్టి నేల మీద సమంగా పెట్టి, 20 కేజీల తూకపు బాట్లతో సరిచూసి, అదే కాంటాను ముందు రోజు సాయంత్రం నుంచే ఫైటర్లకు అందుబాటులో ఉంచండి. పోటీ శనివారమైతే శుక్రవారం పొద్దున 9 నుంచి 11 దాకా తూకం, తప్పినవాళ్లకు 12 దాకా ఇంకో అవకాశం. ఆ గంటలో కేజీకి మించి దింపాల్సి ఉంటే అసలు ప్రయత్నించనివ్వకండి. ప్రత్యర్థి ఒప్పుకుంటే జరిమానాతో క్యాచ్‌వెయిట్ (ఇద్దరూ ఒప్పుకున్న వేరే బరువు పరిమితి), ఒప్పుకోకపోతే బౌట్ రద్దు. జరిమానా ఎంత శాతం, అందులో ప్రత్యర్థికి ఎంత అన్నది కూడా కాంట్రాక్టులోనే ఉండాలి.

అపోహ: పోటీ రోజే తూకం పెడితే ఎవరూ వెయిట్ కట్ చేయరు.

చేస్తారు. చేసి, ఒంట్లో నీరు లేకుండానే కేజ్‌లోకి దిగుతారు. తూకం టైం మార్చినంత మాత్రాన అలవాటు మారదు. 2015 డిసెంబరులో మనీలాలో పోటీకి ముందు చైనా ఫైటర్ యాంగ్ జియాన్‌బింగ్ వెయిట్ కట్ వల్ల చనిపోయాక వన్ చాంపియన్‌షిప్ బరువుతో పాటు మూత్ర పరీక్ష కూడా పెట్టింది. మూత్రం సాంద్రత 1.025 దాటితే ఒంట్లో నీరు చాలనట్టే లెక్క. ఆ సాంద్రత కొలిచే రిఫ్రాక్టోమీటర్ ఖరీదైన పరికరమేమీ కాదు, మనిషికి రెండు నిమిషాలు పడుతుంది. నలభై మంది ఉంటే ఇద్దరిని ఆ పనికే కేటాయించాలి, లేదంటే ఒక్కరితో క్యూ గంటా ఇరవై నిమిషాలు సాగుతుంది.

అపోహ: ఎన్ని వెయిట్ క్లాసులు పెడితే అంత న్యాయం.

నలభై ఎంట్రీలకు పదకొండు క్లాసులు పెడితే రెండు మూడింటిలో ఒక్కరే మిగిలి, పోటీ లేకుండానే స్వర్ణం మెడలో వేసుకుని వెళతారు. మహిళల క్లాసుల్లో ఇది మరీ ఎక్కువ. కనీసం ముగ్గురు లేకపోతే పై క్లాసులో కలుపుతామని ఎంట్రీ ఫారంలోనే రాయండి, ఎంట్రీలు ముగిసిన రోజే కలపండి. తూకం రోజు కలిపితే 52.2కు దిగి వచ్చిన అమ్మాయి 56.7 వాళ్లతో ఆడాల్సి వస్తుంది.

అపోహ: క్యాలెండర్‌లో ఏ శనివారమైనా ఒకటే.

రంజాన్ నెలలో ఈవెంట్ పెడితే పాతబస్తీ, బార్కస్ వైపు నుంచి వచ్చే ఫైటర్లలో రోజా ఉండేవాళ్లు పొద్దున 9కి తూకం దిగి ఇఫ్తార్ దాకా చుక్క నీళ్లు తాగలేరు, మర్నాడూ అంతే. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది కాబట్టి పాత క్యాలెండర్ చూసి తారీఖు ఖాయం చేయకండి. గణేశ్ నిమజ్జనం రోజు అంబులెన్సు కదలదు. అంబులెన్సులు ఎలాగూ రెండు ఉండాలి. ఒకటి ఆస్పత్రికి వెళితే రెండోది గేటు దగ్గర ఉన్నంతవరకే కార్డు నడపాలి. ఏప్రిల్, మే ఎండల్లో తూకం హోటల్లోనే పెట్టండి, ఒంట్లో నీరు లేనివాళ్లను ఊరు దాటించి స్టేడియానికి తిప్పొద్దు.

నెలకో ఈవెంట్ నడిపేవాళ్లు క్లాసులను మార్చి మార్చి పెట్టుకోవచ్చు: ఒక నెల 56.7, 65.8, 77.1, మరుసటి నెల 61.2, 70.3, 83.9. ఒక్కో క్లాసుకు రెండు నెలల ఎడం వస్తుంది, నెల తిరక్కముందే రెండోసారి వెయిట్ కట్ చేయాల్సిన అవస్థ తప్పుతుంది. అయితే 65.8లో ఓడినవాడు వచ్చే నెల 70.3లో పేరు ఇవ్వడానికి వస్తాడు, ముందే చూసుకోండి. నాకౌటైన ఫైటర్‌కు డాక్టర్ రాసిన విశ్రాంతి మనిషికి వర్తిస్తుంది, క్లాసు మారినంత మాత్రాన చెల్లిపోదు. ఎంట్రీ తీసుకునేటప్పుడు పేరు పక్కన ఆ గడువు తారీఖు రాసే గడి ఒకటి ఉంచండి.