రెండో కార్బరేటర్ ఎందుకు వచ్చింది: పాత బ్రిటిష్ ట్విన్ల ట్యూనింగ్ గొడవ వెనక కథ

పాత ట్రయంఫ్ బోనవిల్ అనే రెండు సిలిండర్ల (ట్విన్) బ్రిటిష్ బండి ఉన్నవాళ్లు ఇద్దరు కలిస్తే పది నిమిషాల్లో మాట కార్బరేటర్ల మీదికి, అంటే ఇంజిన్‌కి గాలీ పెట్రోలూ కలిపి అందించే భాగాల మీదికి వస్తుంది. ఎడమదీ కుడిదీ ఒకేసారి లేవడం లేదని ఒకరు, ఐడ్లింగ్ నిలబడటం లేదని ఇంకొకరు, ఆ రెండూ పీకేసి ఒకటే పెట్టుకో బాబూ అని పక్కన నిలబడ్డ మూడోవాడు. ఈ వాదనకి 60 ఏళ్లు దాటాయి. తమాషా ఏమిటంటే మూడోవాడు చెప్పేదే ఆ ఇంజిన్ పుట్టినప్పటి పద్ధతి.

1937లో ఎడ్వర్డ్ టర్నర్ ట్రయంఫ్ స్పీడ్ ట్విన్‌ని బయటికి తెచ్చినప్పుడు 498 సీసీ ఇంజిన్‌లో పిస్టన్లు రెండూ కలిసే పైకి వెళ్లేవి, కలిసే కిందికి దిగేవి. మండటం మాత్రం వంతులవారీగా, పిస్టన్లు తిప్పే ఇరుసు క్రాంక్ ఒక చుట్టు తిరిగితే ఒక సిలిండర్, ఇంకో చుట్టుకి రెండోది. దీనివల్ల గాలి, పెట్రోలు పీల్చుకునే వంతు కూడా సమానమైన ఎడంలో వస్తుంది కాబట్టి ఒకే కార్బరేటర్ రెండింటికీ పక్షపాతం లేకుండా పంచగలదు. అదే ఒక పిస్టన్ పైకి పోతుంటే రెండోది కిందికి దిగేలా పెట్టారనుకోండి, పీల్పులు రెండు దగ్గర దగ్గరగా వచ్చి ఆ తర్వాత పెద్ద ఖాళీ పడుతుంది, అప్పుడు ఒక్క కార్బరేటర్‌తో ఇద్దరికీ సమానంగా వడ్డించడం కష్టం. అంటే ఈ తరహా ట్విన్‌కి ఒక్క కార్బరేటర్ చాలడమే దాని సుగుణాల్లో ఒకటి. బదులుగా భరించాల్సింది వణుకు. బరువులన్నీ ఒకేసారి లేచి దిగుతుంటే హ్యాండిల్ పట్టుకున్న చేతులు తిమ్మిరెక్కుతాయి, ఈ వణుకే తర్వాత కార్బరేటర్ల పాలిట కూడా శత్రువైంది.

ఆ కార్బరేటర్ దాదాపు ఎప్పుడూ అమల్ కంపెనీదే. 1927లో అమాక్, బ్రౌన్ అండ్ బార్లో, బింక్స్ అనే మూడు కార్బరేటర్ కంపెనీలు కలిసిపోయి అమాల్గమేటెడ్ కార్బరేటర్స్ అయ్యాయి, ఆ పేరే కురచై అమల్ అయింది. బీఎస్ఏ, నార్టన్, ట్రయంఫ్, ఎవరి బండి తీసుకున్నా ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం చివర కూర్చున్నది ఇదే.

యుద్ధం అయ్యాక లెక్క మారింది. బ్రిటన్‌కి డాలర్లు కావాలి, అమెరికా వాళ్లకి వేగం కావాలి. ఇంజిన్ 650 సీసీకి పెరిగింది, కాలిఫోర్నియా డీలర్లు అదీ చాలదన్నారు. 1956లో జానీ ఆలెన్ ట్రయంఫ్ 650 ఇంజిన్ పెట్టిన పొడవాటి రాకెట్‌లాంటి బండిని యూటా రాష్ట్రంలోని బోనవిల్ ఉప్పు మైదానం మీద గంటకి 214 మైళ్ల వేగంతో నడిపాడు. అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సమాఖ్య ఆ రికార్డుని ఒప్పుకోలేదు గానీ అమ్మకాలకి ఆ పేరు చాలు. 1959 మోడల్‌గా టీ120 బోనవిల్ వచ్చింది, 46 హార్స్‌పవర్, మోనోబ్లాక్ అనే రకం అమల్ కార్బరేటర్లు రెండు.

నిజం చెప్పాలంటే రెండో కార్బరేటర్ షోరూమ్ కోసం వచ్చింది. ఇంజిన్ బాగా తిరుగుతున్నప్పుడు ఒక్కో సిలిండర్‌కి సొంత గొట్టం ఉంటే ఊపిరి బాగా ఆడుతుంది, అందులో అబద్ధం లేదు. కానీ ఊళ్లో 30, 40 మైళ్ల స్పీడులో తిరిగేవాడికి ఆ లాభం చేతికి అందదు, అందేది రెండింటినీ సమానంగా ఉంచే చాకిరీ మాత్రమే. మొదటి బోనవిల్స్‌లో అయితే మోనోబ్లాక్‌ల పక్కన పెట్రోలు నిలవుండే ఫ్లోట్ గిన్నెలు కోసేసి రెండింటికీ కలిపి విడిగా ఒకటే వేలాడదీశారు. అది సరిపడక 1961 కల్లా దేని గిన్నె దానికే ఇచ్చేశారు. యాక్సిలరేటర్ కేబుల్ హ్యాండిల్ దగ్గర ఒకటిగా బయల్దేరి మధ్యలో చిన్న డబ్బాలో రెండుగా చీలే ఏర్పాటు కూడా ఉండేది. ఆ రెండు పాయల్లో ఒకటి రవ్వంత సాగితే చాలు, ఒక కార్బరేటర్‌లో గాలి దారి తెరిచే స్లైడ్ ముందు లేస్తుంది, రెండోది బద్ధకంగా దాని వెనక లేస్తుంది. స్లో స్పీడులో బండి తడబడుతుంది.

ఇదే ఇంజిన్‌ని ఒక్క కార్బరేటర్‌తో టీఆర్6 పేరుతోనూ అమ్మారు. బ్రిటిష్ పోలీసుల కోసం దీని మీదే తయారుచేసిన బండి సెయింట్. రోజూ ఎండా వానా చూడకుండా, ఒక్కోసారి గంటలు గంటలు స్లోగా నడుపుతూ, డ్యూటీకి బండి స్టార్ట్ కాకపోతే పరువుపోయే మనుషులకి ఇచ్చింది ఒక్క కార్బరేటర్ బండి. నాకు ఈ ఒక్క సంగతి చాలు, మూడోవాడి పక్షాన నిలబడటానికి. అయినా పాత బండ్ల సంతలో ఎక్కువ ధర పలికేది బోనవిల్‌కే, అది వేరే సంగతి.

అయితే తప్పంతా కార్బరేటర్ల మీదికి తోసెయ్యడం కూడా అన్యాయమే. 1963 నుంచి 1967 దాకా ఈ బండ్లకి వచ్చిన లూకాస్ కంపెనీ 4సీఏ పాయింట్లలో (ప్లగ్గులో నిప్పురవ్వ ఎప్పుడు పడాలో చూసే స్విచ్‌లు) ఒక చిక్కుంది. రెండు సిలిండర్ల టైమింగ్‌ని దేనికది విడిగా సరిచేసుకునే వీలు సరిగా లేదు. ఒకదానికి సరిగ్గా పెడితే రెండోది రెండు మూడు డిగ్రీలు అటో ఇటో పోతుంది. 1968లో 6సీఏ వచ్చాకగానీ ఆ బాధ తీరలేదు. ఈ మధ్యలో ఎంతమంది పాపం నిప్పు తేడాని పెట్రోలు తేడా అనుకుని స్క్రూలు తిప్పుతూ కూర్చున్నారో! అందుకే బాగా తెలిసిన మెకానిక్ ముందు టాపెట్లు (వాల్వుల సందు) చూస్తాడు, తర్వాత పాయింట్లూ టైమింగూ, ఆ తర్వాత గాలి ఎక్కడన్నా దూరుతోందా అని, అన్నీ అయ్యాక ఆఖరున కార్బరేటర్ మీద చెయ్యి వేస్తాడు. మన బుల్లెట్ మెకానిక్కుల్లో పెద్దవాళ్లు కూడా ఇదే వరస పాటిస్తారు, కుర్రాళ్లే స్క్రూడ్రైవర్‌తో మొదలుపెడతారు.

1967లో మోనోబ్లాక్ పోయి అమల్ కాన్సెంట్రిక్ వచ్చింది. ఫ్లోట్ గిన్నె పక్కన కాకుండా కింద, జెట్ (పెట్రోలు వచ్చే సన్న కన్నం) చుట్టూ అమరుతుంది, ఒకే కేంద్రం చుట్టూ అనే అర్థమున్న ఆ పేరు అందుకే. చవక, చిన్నది, ఎడమకి వేరే కుడికి వేరే కాబట్టి రెండు స్క్రూలూ చేతికి అందేలా బయటివైపే ఉంటాయి. చిక్కల్లా దాని లోహంలో. ఒంటికీ స్లైడ్‌కీ ఒకే రకం జింక్ మిశ్రమం వాడారు, ఒకదాన్ని ఒకటి రాసుకుంటూ రెండూ అరిగిపోతాయి. అరిగిన చోట గాలి దూరుతుంది, ఐడ్లింగ్ పోతుంది. దాన్ని ఆపాలని కార్బరేటర్‌ని ఇంజిన్‌కి పట్టి ఉంచే అంచు, అంటే ఫ్లేంజ్, నట్లు గట్టిగా బిగిస్తే ఫ్లేంజ్ వంగుతుంది, ఫ్లేంజ్ వంగితే లోపల స్లైడ్ పట్టేస్తుంది. ఇంకోటి, ఐడ్లింగ్‌కి పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్ మొదట విప్పి తీసేలా ఉండేది, దాన్ని కొన్నాళ్లకే లోపల నొక్కి బిగించేశారు. నాలుగు నెలలు బండి ఆపితే పెట్రోలు ఎండి జిగురై ఆ సన్న కన్నం పూడిపోతుంది, విప్పే వీలు లేదు, 0.016 అంగుళాల సన్నటి డ్రిల్ ముక్కని వేళ్లతో పట్టుకుని గాలి స్క్రూ కన్నంలోంచి లోపలికి పోనిచ్చి గీకాలి. కాన్సెంట్రిక్ చెత్త అని తిట్టే సగం మందికి ఈ కన్నం సంగతి తెలియదు.

సెట్టింగ్ అంటే అందరూ ఐడ్లింగ్ స్క్రూ అనుకుంటారు. అది పనిచేసేది యాక్సిలరేటర్ మొదటి ఎనిమిదో వంతు తిప్పేదాకానే. అక్కణ్నుంచి పావు దాకా స్లైడ్ అడుగున కోసిన వాలు చూసుకుంటుంది, పావు నుంచి ముప్పావు దాకా స్లైడ్‌కి వేలాడే నీడిల్ (సూది), అది ఆడే నీడిల్ జెట్, ఆపైన మెయిన్ జెట్. మన తిరుగుడంతా ఉండేది ఆ మధ్య భాగంలో, అరిగేదీ అక్కడే. 0.106 అంగుళాల నీడిల్ జెట్ కన్నం లోపల నీడిల్ ఆడీ ఆడీ కోడిగుడ్డు ఆకారానికి వస్తే ప్లగ్గులు నల్లబడతాయి, మైలేజీ పడిపోతుంది, మనిషి మాత్రం మెయిన్ జెట్ మార్చి చూస్తుంటాడు. రెండు కార్బరేటర్లని కలపడానికి పాతకాలపు పద్ధతి ఏమిటంటే ఒక ప్లగ్గు వైరు తీసి ఎర్త్ చేసి ఒక్క సిలిండర్ మీద ఇంజిన్ తిప్పుతూ గాలి స్క్రూ సరిచేయడం, తర్వాత రెండోదాన్ని అలాగే, చివరికి రెండూ కలిపి స్పీడ్ తగ్గించడం. అమల్ గాలి స్క్రూ లోపలికి తిప్పితే పెట్రోలు ఎక్కువవుతుంది, చాలామంది ఉల్టాగా తిప్పేది ఇక్కడే.

సైలెన్సర్ కథ ఇంకా పాతది. ఇంగ్లండ్‌లో బ్రూక్‌లాండ్స్ రేస్ ట్రాక్ చుట్టుపక్కల ఇళ్లవాళ్లు మోత భరించలేక గొడవ చేస్తే 1920ల్లోనే అక్కడ పరుగెత్తే బండ్లకి సైలెన్సర్ తప్పనిసరి చేశారు, డబ్బాలాంటి ఆ సైలెన్సర్‌కి బ్రూక్‌లాండ్స్ క్యాన్ అనే పేరు నిలిచిపోయింది. అంటే మోత మీద ఇరుగుపొరుగు తిరగబడటం మన ఊళ్లలో బుల్లెట్ల దగ్గర మొదలైంది కాదు. 1969లో బోనవిల్‌కి ఇంజిన్ నుంచి పొగ వచ్చే రెండు బెండ్ పైపుల మధ్య అడ్డంగా ఒక చిన్న పైపు పెట్టారు. ఒక సిలిండర్ వదిలిన పొగ రెండు సైలెన్సర్లలోకీ పంచుకుపోతుంది, మోత తగ్గుతుంది, మధ్య స్పీడులో లాగుడు కూడా కాస్త మెరుగవుతుంది. చాలామంది దాన్ని పీకి అందంగా కనపడే పాత పైపులు పెట్టుకున్నారు, తర్వాత జెట్లతో తంటాలు పడ్డారు. లోపల ఏమీలేని గొట్టం బిగిస్తే మోత పెరుగుతుంది కాబట్టి బలం పెరిగిందనిపిస్తుంది. నిజానికి మిశ్రమంలో పెట్రోలు తగ్గి మెయిన్ జెట్ పెంచాల్సి వస్తుంది, మధ్య స్పీడులో లాగుడు పోతుంది.

ఇక లీకులు. నార్టన్ కమాండోకి బెండ్ పైపుని హెడ్‌లో పట్టి ఉంచేది మరలున్న పెద్ద రింగు నట్టు. వణుకుకి అది సడలుతుంది, సడలినా అలాగే నడిపితే అల్యూమినియం హెడ్‌లోని మరలు తినేస్తుంది. ఇంజిన్ వేడి మీదున్నప్పుడే మళ్లీ బిగించాలి. అక్కడ సందుంటే యాక్సిలరేటర్ వదిలినప్పుడు బయటి గాలి లోపలికి పోయి పటపటమని పేలుతుంది, చూసేవాడు కార్బరేటర్ తేడా అంటాడు.

1970ల్లో అమెరికా చట్టాలు ఇంకో మెలిక పెట్టాయి. చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేయాలంటే అమల్ మీదున్న టిక్లర్ అనే చిన్న బొత్తాన్ని నొక్కి పెట్రోలు వేళ్ల మీదికి కారేదాకా పట్టుకోవాలి. పొగ మీద, ఆవిరి మీద నిబంధనలొచ్చిన దేశంలో అది నడుస్తుందా? 1978లో టీ140ఈ బోనవిల్ వచ్చింది, ఆ చివరి అక్షరం కాలుష్య నిబంధనల కోసమే, టిక్లర్ లేని అమల్ మార్క్ 2 కార్బరేటర్లతో. ట్రయంఫ్ మెరిడెన్ ఫ్యాక్టరీ 1983లో మూతపడింది.

ఇప్పుడు అమల్ పేరు బర్లెన్ అనే కంపెనీ చేతిలో ఉంది. వాళ్ల ప్రీమియర్ రకంలో స్లైడ్ గట్టి పూత వేసిన అల్యూమినియంది, పైలట్ జెట్ మళ్లీ విప్పి తీసే రకం. అంటే అర్ధ శతాబ్దపు తిట్లకి జవాబు దొరికింది. కొత్త తలనొప్పి ఇథనాల్. బ్రిటన్‌లో 2021 నుంచి మామూలు పెట్రోల్లో 10 శాతం దాకా కలుపుతున్నారు, మన దగ్గర 20 శాతం. ఇథనాల్‌తో మిశ్రమం పలచబడుతుంది కాబట్టి జెట్ కాస్త పెంచుకోవాలి, పాత కమాండోల ఫైబర్‌గ్లాస్ ట్యాంకులు అయితే లోపలి నుంచి కరిగి ఆ జిగురంతా కార్బరేటర్లలోకి దిగుతుంది.

నార్టన్ పేరు 2020లో టీవీఎస్ కొనుక్కుంది. చెన్నైలో తయారయ్యే రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 ట్విన్‌కి ఫ్యూయల్ ఇంజెక్షన్, తిప్పడానికి స్క్రూ లేదు, అందుకే కాబోలు కొన్నవాళ్లు ముందు సైలెన్సర్ మారుస్తున్నారు. హింక్లీలో మళ్లీ పుట్టిన ట్రయంఫ్ 2008 ప్రాంతంలో బోనవిల్‌కి ఇంజెక్షన్ పెట్టినప్పుడు మాత్రం ఆ యంత్రాన్ని పాత కార్బరేటర్లలా కనపడేలా తొడుగేసి దాచింది. ఆ ఉత్తుత్తి కార్బరేటర్లు కూడా రెండే.