బాబాయి ఏ లెక్కలోకి వస్తాడు?

చిరంజీవులు బుజ్జికి, చిన్నికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఆదివారం ఫోన్‌లో బుజ్జి అడిగినదానికి నేను వెంటనే జవాబు చెప్పలేదు. "తాతయ్యా, మన దేశంలో నిరుద్యోగం మూడు శాతమే అని మా సోషల్ సార్ చెప్పారు. మరి మన వీధిలోనే బాబాయితో కలిపి అయిదుగురు ఖాళీగా ఉన్నారు కదా, అదెలా?" అన్నావు. అది రెండు ముక్కల్లో తేలే సంగతి కాదు. పైగా అప్పుడు బాబాయి నా పక్కనే కూర్చుని అన్నం తింటున్నాడు. అందుకని తీరిగ్గా ఉత్తరం రాస్తున్నాను.

నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ చేసిన పని ఇదే. ఇల్లిల్లూ తిరిగి, మీ ఇంట్లో ఎవరెవరు ఏం పని చేస్తారని అడిగి రాసుకోవడం. మీ సార్ చెప్పిన అంకె నిజమే. నీ కంటికి కనిపించిందీ నిజమే. ఆ రెండూ ఎలా పొసుగుతాయో చూడండి.

2023 జులై నుంచి 2024 జూన్ దాకా జరిగిన దేశవ్యాప్త సర్వే సంగతి తీసుకుందాం. పదిహేనేళ్లు నిండినవాళ్లు వంద మందిని వరసలో నిలబెట్టామనుకోండి. వాళ్లలో ఏదో ఒక పని చేస్తున్నవాళ్లు 58 మంది. పని లేక, దొరికితే చేద్దామని చూస్తున్నవాళ్లు ఇద్దరు. ఈ 60 మందినీ కలిపి శ్రామిక శక్తి అంటారు. మిగిలిన 40 మంది చదువుకుంటున్నవాళ్లు, ఇంటిపని చూసుకునేవాళ్లు, ముసలివాళ్లు, ఒంట్లో బాగాలేనివాళ్లు. నిరుద్యోగ శాతం కట్టేటప్పుడు ఆ ఇద్దరినీ వందతో భాగించరు, 60తో భాగిస్తారు. దశాంశాలు కూడా కలుపుకుంటే వచ్చేది 3.2 శాతం. మీ సార్ చెప్పిన మూడు ఇదే. అంతేగాని మిగతా 97 మందికీ ఉద్యోగాలున్నాయని దాని అర్థం కాదు. ఆ 40 మంది అటూ లేరు, ఇటూ లేరు.

అసలు చిక్కు మన తెలుగు మాటలోనే ఉంది. మన ఊళ్లో "ఉద్యోగం" అంటే నెలనెలా జీతం వచ్చేది. "వాడికి ఉద్యోగం లేదు, వ్యవసాయం చేసుకుంటున్నాడు" అంటాం. సర్వే పుస్తకంలో ఆ రైతు పని చేస్తున్నవాడే. బడ్డీకొట్టు పెట్టుకున్నామె, ఆటో తోలేవాడు, ఉపాధి హామీ పనికి వెళ్లేవాళ్లు, అన్న పొలంలో కూలి తీసుకోకుండా చాకిరీ చేసే తమ్ముడు, అందరూ ఆ 58లో ఉన్నారు. నెల జీతం వచ్చేవాళ్లు పని చేసేవాళ్లలో 21.7 శాతమే. అంటే మనం ఉద్యోగమనే ఉద్యోగం ఆ వందమందిలో సుమారు పన్నెండు, పదమూడు మందికే ఉన్నట్టు. బుజ్జీ, నువ్వు వీధిలో వెతికింది వీళ్లని. సర్వే వెతికింది పనిని.

ఇంకో మాట. కటిక పేదవాడు నిరుద్యోగిగా ఉండలేడు. ఇవాళ కూలికి పోకపోతే రాత్రికి పొయ్యి వెలగదు. అందుకే ఏ పని దొరికితే ఆ పనికి పోతాడు, పని ఉన్నవాడిగా లెక్కకొస్తాడు. కాస్తో కూస్తో చదువుకుని, ఇంట్లోవాళ్లు ఇంకా అన్నం పెడుతుంటే మంచి ఉద్యోగం కోసం ఆగేవాళ్లే నిరుద్యోగులుగా ఎక్కువ కనిపిస్తారు. నిరుద్యోగ శాతం తక్కువగా ఉంది కాబట్టి జనం సుఖంగా ఉన్నారని ఎవరైనా అంటే నమ్మకండి. ఏం పని, ఎంత కూలి, ఏడాదికి ఎన్నాళ్లు అని కూడా అడగండి.

ఇక బాబాయి సంగతి. వాడు డిగ్రీ అయిపోయిన దగ్గర్నుంచి గ్రూప్-2 కి చదువుతున్నాడు. రెండేళ్లు హైదరాబాద్‌లో ఉండి ఇంటికొచ్చేశాడు. కోతలప్పుడు, మినుము పీకేటప్పుడు, ధాన్యం కాటా వేయించేటప్పుడు పొలంలో నాకు సాయం చేస్తాడు. అన్నీ కలిపితే ఏడాదికి నలభై రోజులు ఉంటుంది. సర్వే చేసేవాళ్ల దగ్గర రెండు కొలతలు ఉంటాయి. ఒకటి వెనక్కి 365 రోజులు చూసేది. ఎక్కువ కాలం పని వెతుక్కుంటూ గడిపాడు కాబట్టి ఆ కొలతలో వాడి ముఖ్య స్థితి నిరుద్యోగం. అయితే అదే ఏడాదిలో 30 రోజులో అంతకుమించో ఏదైనా పని చేసి ఉంటే, దాన్ని అనుబంధ పనిగా రాసి, మనిషిని పని చేసినవాళ్లలో కలుపుతారు. మీ సార్ చెప్పిన 3.2 శాతం ఈ రెండూ కలిపి కట్టిందే. అందులో మన బాబాయి నిరుద్యోగి కాడు, పొలంలో నా సహాయకుడు.

రెండో కొలత వెనక్కి ఏడు రోజులే చూస్తుంది. ఆ ఏడు రోజుల్లో ఏ ఒక్క రోజైనా కనీసం ఒక గంట పని చేస్తే ఆ వారానికి పని ఉన్నట్టే. పోయిన వారం బాబాయి స్నేహితుడి జిరాక్స్ షాపులో ఒక పూట కూర్చుని డబ్బులు తీసుకున్నాడు, కాబట్టి ఇందులోనూ పని ఉన్నవాడే. ఈ వారం కూర్చోలేదు. ఇవాళ ఎవరైనా వచ్చి "పని దొరికితే చేస్తావా?" అని అడిగి, వాడు చేస్తానంటే నిరుద్యోగి. పరీక్ష అయ్యేదాకా ఏ పనీ చేయనంటే, అసలు శ్రామిక శక్తిలోనే ఉండడు. మనిషి అదే మనిషి, అదే గది, అదే పుస్తకాలు. అడిగిన ప్రశ్నని బట్టి మూడు గడుల్లో మూడు చోట్ల పడతాడు.

ఈ గంట నియమం మనవాళ్లు కనిపెట్టింది కాదు. 1982లో అంతర్జాతీయ కార్మిక సంస్థ సమావేశంలో ఒప్పుకున్నది, చాలా దేశాలు పాటిస్తాయి. ఎంత చిన్న పనీ లెక్క తప్పిపోకూడదని పెట్టారు. కారణం అర్థమైనా, ఒక గంట పనిని "పని ఉంది" అని రాసేటప్పుడు నా చెయ్యి ఎప్పుడూ సుఖంగా కదల్లేదు. ఎన్ని గంటలు చేశారని కూడా సర్వేలో అడిగి రాస్తారు, ఆ పట్టికలు చూసేవాళ్లే తక్కువ.

కొలత మారితే బొమ్మ ఎంత మారిపోతుందో కరోనా ఏడాది చూపించింది. 2020 ఏప్రిల్ నుంచి జూన్ దాకా, లాక్‌డౌన్‌లో, పట్టణాల్లో వారం కొలత ప్రకారం నిరుద్యోగం 20 శాతం దాటింది. సర్వే ఏడాది జులైలో మొదలై జూన్‌తో ముగుస్తుంది. అలా ఆ మూడు నెలలు కూడా కలిసిన 2019-20 సంవత్సరానికి ఏడాది కొలతలో చూస్తే 4.8 శాతమే. అంతకుముందు ఏడాది 5.8 ఉండేది, అంటే తగ్గింది! ఏడాది కొలత మెల్లగా కదులుతుంది కాబట్టి మూడు నెలల కష్టం అందులో కరిగిపోయింది. ఆ ఏడాదే పని చేసేవాళ్లలో వ్యవసాయంలో ఉన్నవాళ్ల వాటా 42.5 శాతం నుంచి 45.6 కి పెరిగింది. పట్నంలో పని పోయి సొంతూరు చేరినవాడు నాన్నతో పాటు పొలానికి వెళ్తే లెక్కలో పని ఉన్నవాడే అవుతాడు. ఇద్దరు చేసే పనిని ముగ్గురు పంచుకున్నారన్న సంగతి ఆ ఒక్క అంకెలో ఎక్కడా ఉండదు.

2025 నుంచి ఈ అంకెలు నెలనెలా వస్తున్నాయి. మొదటిసారి ఏప్రిల్ నెలకి 5.1 శాతం అని చెప్పారు. అది వారం కొలత. దాన్ని పాత 3.2 పక్కన పెట్టి నిరుద్యోగం ఒక్కసారిగా పెరిగిపోయిందని ఎవరైనా గోల చేస్తే, ఏ కొలతతో చూశారని అడగండి.

ఇదంతా ఎవరు మొదలుపెట్టారని చిన్ని అడుగుతుంది, నాకు తెలుసు. మహలనోబిస్ అనే గణాంక శాస్త్రవేత్త పూనికతో 1950లో జాతీయ నమూనా సర్వే మొదలైంది. మన దేశంలో పనిని ఎలా కొలవాలన్నది దంత్‌వాలా కమిటీ 1970లో చెప్పింది. పాశ్చాత్య దేశాల్లోలాగా ఒక్క అంకెతో ఇక్కడ కుదరదని, ఒకే మనిషి ఒకే ఏడాదిలో రైతుగా, కూలీగా, ఖాళీగా కూడా ఉంటాడని వాళ్లు గుర్తించారు. ఈ రకరకాల కొలతలు అక్కడినుంచి వచ్చినవే. 1972-73 నుంచి అయిదేళ్లకోసారి చొప్పున ఆ సర్వేలు నడిచి, 2017లో ఏటా చేసేవి మొదలయ్యాయి. మన తెలుగాయన, గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు గారు కూడా ఆ మహలనోబిస్ కలకత్తాలో పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లోనే పెరిగారు. విశాఖపట్నంలో లెక్కలు చదివి, ఉద్యోగం కోసం కలకత్తా వెళితే అది రాలేదు. ఆ ప్రయాణంలోనే ఈ సంస్థ గురించి తెలిసి 1941లో చేరారు. 2023లో, నూట రెండేళ్ల వయసులో, స్టాటిస్టిక్స్‌లో అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు. బాబాయికి ఈ కథ నేను చాలాసార్లు చెప్పాను.

ఇంత దేశానికి లక్ష ఇళ్లు అడిగితే సరిపోతుందా అంటారేమో. 2023-24లో అడిగింది లక్షకు కాస్త పైగా ఇళ్లే. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలు. కాకపోతే ఏ మెతుకన్నది మనం ఎంచుకోకూడదు. ఏ ఊరు వెళ్లాలో పైనుంచి రాసి వస్తుంది, ఆ ఊళ్లో ఏ ఇంటికన్నది జాబితా రాశాక నియమం ప్రకారం తేలుతుంది. "ఆ ఇల్లెందుకండీ, వాళ్లకేం తెలుసు, మా ఇంటికి రండి" అని పెద్దవాళ్లు కుర్చీ వేసి, మజ్జిగ ఇచ్చేవారు. మజ్జిగ తాగి, దండం పెట్టి, ఊరి చివర తాళం వేసి ఉన్న ఆ ఇంటికే మళ్లీ మళ్లీ వెళ్లేవాళ్లం.

ఇప్పుడు మీకు ఒక ఇంటి సంగతి చెప్పాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్త. మెట్ట ప్రాంతంలో ఒక ఊరు. ఇంటాయన అరుగు మీద కూర్చుని అందరి గురించీ తానే చెబుతున్నాడు. ఇంట్లో ఒకరు అందరి తరఫునా చెప్పొచ్చు, అది మామూలే. "మీ ఆవిడ పని చేస్తారా?" అన్నాను. "ఏం చేయదండీ, ఇంట్లోనే ఉంటది" అన్నాడు. నేను 92 అని రాశాను. ఇంటిపని మాత్రమే చూసుకునే మనిషి అని ఆ అంకెకి అర్థం.

లేచి బయల్దేరుతుంటే వెనక దొడ్డి వైపు నుంచి ఆమె వచ్చింది. నెత్తిన పచ్చగడ్డి మోపు. కొంగు నడుముకి బిగించి ఉంది, గడ్డి కోసుకుని చేతుల మీద సన్నగా ఎర్రగీతలు. మోపు రెండు గేదెల ముందు పడేసి, చెంబుతో నీళ్లు తాగింది. గుంజకి మేకు కొట్టి, దారంతో ఒక చిన్న పుస్తకం వేలాడదీసి ఉంది. తీసి చూశాను. పాల పుస్తకం. పొద్దున ఎన్ని లీటర్లు, సాయంత్రం ఎన్ని, వెన్న ఎంత, అన్నీ వరసగా ఉన్నాయి. అట్ట మీద పేరు ఇంటాయనది.

"పాలు ఎవరు పితుకుతారమ్మా?"

"నేనే."

"కేంద్రానికి ఎవరు తీసుకెళ్తారు?"

"నేనే, రెండు పూటలా."

"డబ్బులు?"

"అవి ఆయనే తెచ్చుకుంటారు."

మళ్లీ కూర్చుని 92 కొట్టేసి 21 రాశాను. ఇంటి వ్యాపారంలో జీతం లేకుండా సాయం చేసే మనిషి అని దాని అర్థం. ఆ రెండు గేదెలూ ఆమె రెక్కల మీదే బతుకుతుంటే సాయం చేసే మనిషి అని రాయాల్సి వచ్చింది. ఆ మాట నన్ను ఇప్పటికీ గుచ్చుతుంది. అంతకన్నా పెద్ద బాధ ఇంకొకటి ఉంది. ఆ ఇంటికి ముందు నేను పూర్తి చేసిన కాగితాల్లో ఎన్ని 92లు ఇలా అడగకుండా రాసేశానో! అవన్నీ అప్పటికే వెళ్లిపోయాయి. ఆ రోజు నుంచి "పని చేస్తారా" అని ఎవరినీ అడగలేదు. "పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేస్తారమ్మా" అని మొదలుపెట్టేవాణ్ణి. ఒక్క ప్రశ్నకి ఇరవై నిమిషాలు పట్టేది.

నియమాలు కూడా కాస్త వింతగానే ఉంటాయి. సొంత ఇంటి కోసమైనా సరే, గేదెని మేపి పాలు పితికితే పని. ఆ పాలు తోడేసి, చిలికి, ఇంట్లోవాళ్ల కోసం నెయ్యి కాస్తే పని కాదు. తినడానికి వరి పండిస్తే పని, ఆ బియ్యం వండితే కాదు. పక్కింటి పిల్లలకి డబ్బు తీసుకుని ట్యూషన్ చెబితే పని, మీ అమ్మ మీ చేత హోంవర్క్ చేయిస్తే కాదు. పొయ్యిలోకి పుల్లలు ఏరుకొస్తే ఆ సంగతి 93 అని విడిగా రాస్తారు గాని, పని చేసేవాళ్లలో కలపరు.

2017-18లో పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో శ్రామిక శక్తిలో ఉన్నవాళ్లు 23.3 శాతం. 2023-24కి 41.7 శాతం. ఆరేళ్లలో ఇంత మార్పు! కొంత నిజంగానే ఆడవాళ్లు కొత్తగా పనిలోకి వచ్చారు. కొంత, నేను చూసిన ఆ గడ్డి మోపు లాంటివి ఇప్పుడు సర్వే చేసేవాళ్ల కంట పడుతున్నాయని నా నమ్మకం. జీతం ఉద్యోగాలు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. పని చేస్తున్న ఆడవాళ్లలో 67.4 శాతం సొంత పనో, ఇంటి వ్యాపారంలో సాయమో చేసేవాళ్లే. మూడింట ఒక వంతుకి పైగా ఆ 21 గడిలోనే ఉన్నారు, చేతికి డబ్బు రాకుండా.

లెక్కకి రాని పనిని చూడటానికి ఇంకో సర్వే ఉంది, కాల వినియోగ సర్వే. నిన్న తెల్లవారుజామున నాలుగింటి నుంచి ఇవాళ నాలుగింటి దాకా అరగంటకి అరగంట ఏం చేశారని అడుగుతారు. 2024లో చేసినదాంట్లో, ఇంటివాళ్ల కోసం జీతం లేని ఇంటిపని చేసిన ఆడవాళ్లు రోజుకి 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు చేసినట్టు తేలింది. ఆరేళ్లు నిండినవాళ్లందరినీ అడుగుతారు కాబట్టి మీరిద్దరూ కూడా ఆ లెక్కలోకి వస్తారు.

ఒక తెల్లకాగితం మీద అరగంట గళ్లు గీసి, మీ ఇంట్లో నలుగురిదీ ఒక రోజు రాసి నాకు పంపండి. నాన్నది అమ్మ చెబితే రాయకండి, అమ్మది నాన్న చెబితే రాయకండి. ఎవరిది వాళ్లనే అడగండి. నిన్నటిది మీ నాయనమ్మది నేను అడిగి రాశాను. నాలుగున్నర గడిలో వాకిలి ఊడ్వడంతో మొదలై, రాత్రి పదింటి గడిలో పాలు తోడు పెట్టడం దగ్గర ఆగింది. ఒక్కో గడిలో రెండు మూడు పనులు పట్టక, కాగితం తిప్పి వెనక కూడా రాశాను.

ఇట్లు,
మీ తాతయ్య