ఐదెకరాలు కొన్నంత మాత్రాన దాని కింది నీళ్ళు మీవి కావు: కొలరాడో మారుమూల నేలల గురించి అపోహలు, వాస్తవాలు

2020లో దుకాణాల అరలు ఖాళీ అయిన రోజుల్లో మొదలై, ఆ తరువాత ఉద్యోగాల కోతలతో మరింత పెరిగి, డెన్వర్, డాలస్ నగరాల్లోని మనవాళ్ళ నుంచి నాకు ఒకే రకమైన ఫోన్లు వస్తున్నాయి. దక్షిణ కొలరాడోలోని కాస్టియా కౌంటీలో ఐదెకరాల ప్లాటు కొన్ని వేల డాలర్లకే దొరుకుతోందని, అక్కడ బోరు వేసుకుని, సోలార్ పెట్టుకుని, రెండు ఆవులతో, కూరగాయల మడులతో ఎవరి మీదా ఆధారపడకుండా బతకవచ్చని వారు విన్నారు. వారి భయం నిజమైనదే. పిల్లలున్న ఏ ఇంట్లోనైనా అలాంటి ఆలోచన రావడం సహజం. నాకు కోపం తెప్పించేది వారి భయం కాదు, ఆ భయం చుట్టూ తిరుగుతున్న వదంతులు. బావుల అనుమతులు, భూగర్భ జలాల పరిశీలన నా వృత్తి కాబట్టి, అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్న అపోహతోనే మొదలుపెడతాను.

అపోహ: నేల నాది, బోరు నాది, కాబట్టి నీళ్ళూ నావే.

మా తాతగారు అనంతపురం జిల్లాలో ఒకే చేలో నాలుగు బోర్లు వేయించారు. నాలుగోదానిలోనే నీళ్ళు పడ్డాయి. ఆయన దిగులంతా నీళ్ళు పడతాయా లేదా అన్నదే. 2002లో వాల్టా చట్టం వచ్చి బోరుకు అనుమతి తప్పనిసరి అయిన తరువాత కూడా, పడిన నీళ్ళతో ఏ పంట పెట్టాలో రైతే తేల్చుకుంటాడు. ఆ అలవాటుతో వచ్చినవారికి కొలరాడో పద్ధతి వెంటనే అర్థం కాకపోవడం వారి తప్పు కాదు.

ఇక్కడ నీటి హక్కు నేల నుంచి వేరుగా ఉండే ఆస్తి. ఎవరు ముందుగా నీటిని వాడకంలో పెట్టారో వారిదే ముందు హక్కు. ఈ కౌంటీలోని శాన్ లూయిస్ పీపుల్స్ డిచ్ అనే కాలువకు 1852 నాటి హక్కు ఉంది, రాష్ట్రంలో అన్నిటికంటే పాతది అదే. దాని తరువాత తవ్విన కాలువలు, వాటి తరువాత వచ్చిన వ్యవసాయ బావులు, 1938లో కొలరాడో, న్యూ మెక్సికో, టెక్సస్ రాష్ట్రాల మధ్య కుదిరిన రియో గ్రాండే ఒప్పందం కలిసి, ఈ కౌంటీ ఉన్న శాన్ లూయిస్ లోయలో నీటికంటే దాని మీద ఉన్న హక్కులే ఎక్కువయ్యాయి. అందుచేత 35 ఎకరాలకు తక్కువైన ప్లాటులో బోరుకు సాధారణంగా దొరికే అనుమతి ఒక ఇంటి లోపలి వాడకానికి మాత్రమే పరిమితం. వంట, స్నానం, బట్టలు, మరుగుదొడ్డి, అంతే. పెరట్లో టమాటా మొక్కలకు పెట్టినా, ఆవు తొట్టి నింపినా అనుమతిని మీరినట్టే.

ఈ నిబంధన మూర్ఖత్వంగా కనిపిస్తుంది గాని దాని వెనుక ఒక లెక్క ఉంది. ఇంట్లో వాడిన నీటిలో చాలా భాగం సెప్టిక్ ట్యాంకు ద్వారా మళ్ళీ భూమిలోకి ఇంకుతుంది, మొక్కలకు పెట్టినది ఎక్కువగా ఆవిరైపోతుంది. ముందు హక్కుదారు పోగొట్టుకునేది ఆ ఆవిరైన నీటినే. 35 ఎకరాలు, ఆపైన ఉన్న నేలకు వచ్చే అనుమతిలో సాధారణంగా మూడు ఇళ్ళ వరకు, ఒక ఎకరం తోటకు, పెంపుడు పశువులకు వీలుంటుంది. ఆవులు, మడులు కావాలనుకునేవారు ఆ కొలతతోనే వెతకాలి, లేదా కాలువ నీటి హక్కును దస్తావేజులో విడిగా రాసి ఇచ్చే నేలనే కొనాలి.

ఒక దంపతులు నన్ను పిలిచేసరికే ప్లాటు కొని, కంచె వేయించి, పశువుల కొట్టం కట్టించి ఉన్నారు. అమ్మినవారు బోరు వేసుకోవచ్చన్నారు, అది అబద్ధం కాదు. ఆ నీళ్ళు దేనికి వాడకూడదో చెప్పలేదు. అనుమతి కాగితంలో వాడకం అన్న గడి చూపించినప్పుడు, “అన్నా, మన నేల కింది నీళ్ళు మనవి కావా?” అని ఆమె అడిగిన గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది. కొనక ముందే ఆలమోసాలోని మూడో డివిజన్ జలవనరుల కార్యాలయానికి ప్లాటు సెక్షన్, టౌన్‌షిప్ సంఖ్యలు (మన సర్వే నంబర్ల లాంటివి) పంపి, అక్కడ ఏ వాడకానికి అనుమతి వస్తుందని అడిగి ఉంటే వారికి ఆ డబ్బు మిగిలేది. చుట్టుపక్కల బావుల లోతు, నీటిమట్టం, నిమిషానికి వచ్చే గాలన్లు కూడా రాష్ట్ర రికార్డుల్లో ఎవరైనా వెతికి చూసుకోవచ్చు.

అపోహ: బోరు లేకపోయినా వాన నీళ్ళు పట్టుకుంటాం.

2016 చట్టం ప్రకారం ఇంటికి రెండు పీపాలు, మొత్తం 110 గాలన్ల వరకు పట్టుకుని ఆరుబయట మొక్కలకు వాడవచ్చు. బావి అనుమతికి అర్హత ఉండి, ఊరి నీటి సరఫరా లేని ఇంటికి పైకప్పు నీటి విషయంలో 2009 నుంచి మరొక వెసులుబాటు ఉంది, కానీ బావికి ఏ వాడకం అనుమతిస్తారో ఆ నీటికీ అదే వర్తిస్తుంది. పైగా లోయలో ఏడాదికి పడేది సుమారు ఏడు అంగుళాలు. 1,500 చదరపు అడుగుల కప్పు మీద పడిన ప్రతి చుక్కనూ పట్టినా 6,500 గాలన్లే. నలుగురు మనుషులు తలా 20 గాలన్లతో సరిపెట్టుకున్నా ఏడాదికి 29,000 గాలన్లు కావాలి.

అపోహ: నీళ్ళు ట్రక్కులో తెచ్చుకుంటే సరిపోతుంది.

తెచ్చుకోవచ్చు, చాలామంది అలాగే బతుకుతున్నారు. అయితే 275 గాలన్ల తొట్టి నిండితే టన్నుకు పైగా బరువు. మామూలు పికప్‌లు చాలావాటికి అది మోయదగిన బరువు కాదు, జనవరిలో మట్టిరోడ్డు మీద అసలే కాదు.

మిగిలినవి త్వరగా చెబుతాను. ఎండ పుష్కలంగా ఉంది కాబట్టి సోలార్‌తో ఏ చింతా ఉండదన్నది సగం నిజం. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలను సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ చలిలో చార్జ్ చేస్తే పాడవుతాయి, ఇక్కడ జనవరి రాత్రులు సగటున మైనస్ 20 దాకా దిగుతాయి కాబట్టి వాటిని వెచ్చగా ఉంచే గది ముందు కట్టుకోవాలి. 7,500 అడుగులకు పైనున్న ఈ లోయలో గడ్డమంచు లేని కాలం మూడు నెలలకు కాస్త అటూ ఇటూ మాత్రమే. బెండ, వంగ ఆరుబయట కాస్తాయని ఆశ పెట్టుకోవద్దు. గ్రీన్‌హౌస్ వేస్తామంటే దానికీ నీళ్ళు కావాలి, మళ్ళీ ఆ అనుమతి దగ్గరికే రావాలి. ఈ కౌంటీలోని శాన్ లూయిస్ ఊరి నుంచి ఆలమోసా ఆసుపత్రి సుమారు 40 మైళ్ళు. ఇంట్లో ఇన్సులిన్ వాడేవారు, గుండె జబ్బు ఉన్నవారు ఉంటే నేల ధర కంటే ముందు ఆ దూరమే చూడండి.

జనం లేని చోటు సురక్షితమన్న నమ్మకం గురించి మాత్రం ఒక సంగతి చెప్పాలి. 2018 జూన్ చివర ఈ కౌంటీలోనే ఫోర్ట్ గార్లండ్ ఊరి దగ్గర స్ప్రింగ్ క్రీక్ కార్చిచ్చు మొదలై, లక్షా ఎనిమిది వేల ఎకరాలు కాలి, లా వీటా కనుమ మీదుగా వెళ్ళే 160వ నంబరు హైవే మూతపడింది. ఆ వారం నేను ఒక బావి చూడటానికి అక్కడే ఉన్నాను. వచ్చిన దారి మూసేయడంతో దక్షిణాన న్యూ మెక్సికో వైపు తిరిగి ఇంటికి చేరాను. కొండ వాలు ప్లాట్లలో ఉన్న కొందరికి మాత్రం బయటికి ఉన్నది ఒకే మట్టిదారి. అప్పటి నుంచి ఏ ప్లాటుకు వెళ్ళినా, ముందు బావి కాగితాలు చూసి, తరువాత వచ్చిన దారిన కాకుండా మరో దారిన బండి నడిపి బయటికి రాగలనో లేదో చూస్తాను.